ధ్యాన్‌చంద్ గొప్పా? హర్మన్‌ప్రీత్ గొప్పా?

తాతయ్య కబుర్లు



ఈ నెల నా బల్లమీద ఒక విచిత్రమైన ఉత్తరం వచ్చి పడింది. విచిత్రమని ఎందుకన్నానంటే, దాన్ని ఇద్దరు రాశారు. పై సగం అన్న రాశాడు, కింది సగం చెల్లెలు రాసింది. నడుమ ఎర్ర సిరాతో ఒక గీత ఉంది. ఆ గీత దాటి ఒకరి రాతను ఒకరు దిద్దకూడదని ఇద్దరికీ ఒప్పందమట!

అన్న ఇలా రాశాడు: "తాతయ్యగారూ, మన హాకీ ఆటగాళ్ళలో హర్మన్‌ప్రీత్ సింగును మించినవాడు లేడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆయన 10 గోల్స్ చేశాడు. అక్కడ ఆడిన అన్ని దేశాల వాళ్ళలోనూ ఆయనవే ఎక్కువ."

చెల్లెలు ఇలా రాసింది: "తాతయ్యగారూ, అన్నయ్య మాట నమ్మకండి. 1928లో ధ్యాన్‌చంద్ 14 గోల్స్ చేశాడు. 14 పెద్దదా, 10 పెద్దదా? మీరే చెప్పండి. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకు నెల రోజులపాటు తమ వాటా మామిడితాండ్ర ఇచ్చెయ్యాలని పందెం వేసుకున్నాం."

చూశారా, ఎంత చిక్కు తెచ్చిపెట్టారో! నేను ఒక్క మాట అన్నానంటే ఎవరో ఒకరికి నెల్లాళ్ళు తాండ్ర ఉండదు. అందుచేత తొందరపడి తీర్పు చెప్పను. ముందు మనమంతా కలిసి ఆ రెండు కాలాలనూ చూసి వద్దాం రండి.

14 పెద్దదే, 10 చిన్నదే. ఇందులో సందేహం లేదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో మన జట్టు 5 ఆటలు ఆడి 29 గోల్స్ చేసింది. ఎదుటివాళ్ళు మనమీద ఒక్క గోలైనా చెయ్యలేకపోయారు. 2024లో పారిస్‌లో మనవాళ్ళు 8 ఆటలు ఆడి 15 గోల్స్ చేశారు, 12 ఇచ్చుకున్నారు. ఈ అంకెలు మాత్రమే చూస్తే చెల్లెలే గెలిచినట్టు. కాని అంకె ఒక్కటే ఎప్పుడూ పూర్తి కథ చెప్పదు. ఒకడు ఏటికి ఎదురీది పది బారలు పోయాడు, ఇంకొకడు ఏటివాలున పద్నాలుగు బారలు పోయాడు అనుకోండి. ఎవరు గొప్ప ఈతగాడో చెప్పాలంటే ముందు ఏటిని చూడాలి గదా!

అయితే ఏటిని చూద్దాం. 1928లో ఒలింపిక్ హాకీకి వచ్చినవి 9 జట్లు. 1932లో లాస్ ఏంజెలిస్‌కు వచ్చినవి మూడే మూడు జట్లు. అందులో ఒకటి మనది. మనవాళ్ళు జపానును 11-1 తేడాతోనూ, అమెరికాను 24-1 తేడాతోనూ ఓడించారు. హాకీ బాగా తెలిసిన బ్రిటన్ 1928, 1932, 1936 ఒలింపిక్స్‌లో హాకీ జట్టునే దింపలేదు. ఈ రోజుల్లో అట్లా కాదు. ఒలింపిక్స్‌కు 12 జట్లు వస్తాయి. వాటిలో చాలామటుకు ముందుగా గట్టి పోటీలలో నెగ్గి అర్హత సంపాదించుకున్నవే.

"ఆహా, చూశావా!" అని అన్న ఎగిరి గంతు వేస్తున్నాడు కాబోలు. ఆగు నాయనా! చెల్లెలి తరఫున కూడా వాదించాలి గదా.

ధ్యాన్‌చంద్ 1905లో ప్రయాగలో పుట్టాడు. అసలు పేరు ధ్యాన్ సింగ్. 1922లో, ఇంకా మీసాలైనా సరిగా రాని వయసులో, సిపాయిగా సైన్యంలో చేరాడు. హాకీ అక్కడే నేర్చుకున్నాడు. పగలంతా కొలువు ఉండేది. అందుకని రాత్రివేళ వెన్నెలలో బంతి కొడుతూ సాధన చేసేవాడనీ, అందువల్లనే తోటివాళ్ళు 'చంద్' అని పిలిచారనీ చెప్పుకుంటారు. చంద్ అంటే చంద్రుడు. ఆయనకు ఈనాటి ఆటగాళ్ళకు ఉన్నట్టుగా శిక్షకులు, వైద్యులు, ఆటను పటం తీసి మళ్ళీ మళ్ళీ చూపించే యంత్రాలు లేవు. ఓడమీద రోజుల తరబడి సముద్రం దాటి పోయి, దిగి, ఆడి గెలిచిన కాలం అది.

ధ్యాన్‌చంద్ కర్రకు బంతి అంటుకుపోయినట్టు ఉండేదట. కర్రలో అయస్కాంతం దాచాడేమోనని అనుమానపడి, దాన్ని విరగ్గొట్టి చూశారని ఒక కథ కూడా ఉంది. పిల్లలూ, ఆ కథ నిజమో కాదో అటుంచి, ఆ అనుమానం సరి అయినదేనా? కొంచెం ఆలోచించండి. అయస్కాంతం ఇనుమును లాగుతుంది. ఆనాటి హాకీ బంతి లోపల బెండు, పైన తోలు. బెండును గాని, తోలును గాని అయస్కాంతం లాగదు. కనుక ఆ కర్రలో అయస్కాంతం ఉన్నా లాభం లేదన్నమాట! అంటుకున్నట్టు కనబడినదంతా ఆయన మణికట్టులోని నేర్పే.

ఇంక నేల సంగతి చూద్దాం. ఆ రోజుల్లో ఆట పచ్చిక మైదానం మీద. ఎంత చదును చేసినా పచ్చిక పచ్చికే. గడ్డిదుబ్బు తగిలితే బంతి పక్కకు పోతుంది, చిన్న గుంట తగిలితే ఎగురుతుంది. అటువంటి చోట బంతిని అదుపులో పెట్టుకోవడమే పెద్ద విద్య. ఆ విద్యలో మనవాళ్ళు ఆరితేరినవాళ్ళు. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి పచ్చిక తీసివేసి, ప్లాస్టిక్ పోగులతో చేసిన తివాచీవంటి నేల పరిచారు. దానిమీద బంతి ఎగుడుదిగుడు లేకుండా, రాపిడి తక్కువై, సర్రున జారిపోతుంది. తరువాతి కాలంలో నీళ్ళు కూడా చల్లి దాన్ని తడిపి ఆడసాగారు. తడి గచ్చుమీద మీ కాలు ఎందుకు జారుతుందో, అక్కడ బంతి కూడా అందుకే జారుతుంది. ఈ కొత్త నేలమీద నేర్పుతోపాటు పరుగూ, దమ్మూ, బలమూ ఎక్కువ కావాలి. అటువంటి నేల మన దేశంలో అప్పటికి దొరికేది కాదు. అంతకు ముందు ఏడు, 1975లో, కౌలాలంపూరులో పాకిస్తానును 2-1 తేడాతో ఓడించి ప్రపంచకప్పు తెచ్చిన మనవాళ్ళు మాంట్రియల్‌లో ఏడవ స్థానంలో నిలిచారు! ఆ ప్రపంచకప్పు ఫైనలులో గెలుపు గోలు కొట్టినది ఎవరో తెలుసా? అశోక్ కుమార్. ధ్యాన్‌చంద్ కొడుకు.

ఇప్పుడు హర్మన్‌ప్రీత్ దగ్గరికి వద్దాం. ఆయన 1996లో పంజాబులో, అమృత్‌సర్ జిల్లాలో, రైతు ఇంట పుట్టాడు. చిన్నతనంలో పొలంలో ట్రాక్టరు నడిపేవాడు. దాని బిగువైన గేరుకర్రతో కుస్తీపట్టి పట్టి చేతులకు బలం వచ్చిందని చెబుతారు. ఆయన ధ్యాన్‌చంద్ వలె ముందు వరుసలో ఆడేవాడు కాదు. వెనక వరుసలో నిలబడి గోలును కాపాడేవాడు. వెనక ఉండేవాడు అన్ని గోల్స్ ఎట్లా చేశాడంటారా? అక్కడే ఉంది కిటుకు. దాని పేరు 'డ్రాగ్ ఫ్లిక్'.

ఎదుటి జట్టు తన గోలు దగ్గర తప్పు చేస్తే మనకు 'పెనాల్టీ కార్నరు' ఇస్తారు. గోలుగీతమీద ఒక పక్కనుంచి ఒకరు బంతిని బయటికి తోస్తారు. అరవృత్తం అవతల ఇంకొకరు దాన్ని ఆపుతారు. మూడవవాడు దాన్ని గోలులోకి పంపాలి. బాది పంపితే ఆ మొదటి దెబ్బ గోలు దాటేటప్పుడు 46 సెంటీమీటర్లకంటె ఎత్తున పోకూడదు. ఎదురుగా ఉన్నవాళ్ళకు దెబ్బ తగలకుండా ఉండటానికే ఈ నియమం. కాని బాదకుండా, కర్రతో ఈడ్చి విసిరితే ఎంత ఎత్తుగానైనా పంపవచ్చు. ఆ ఈడ్చి విసరడమే డ్రాగ్ ఫ్లిక్.

మీలో పల్లెటూరి పిల్లలు జొన్నచేలో పిట్టలను తోలే వడిసెలను చూసే ఉంటారు. రాయిని ఊరికే చేత్తో విసిరితే కొంతదూరమే పోతుంది. వడిసెలలో పెట్టి గిరగిర తిప్పి వదిలితే చాలాదూరం పోతుంది. ఎందుచేత? వదిలేలోగా రాయిమీద మన బలం ఎక్కువసేపు, ఎక్కువదూరం పనిచేస్తుంది గనుక. డ్రాగ్ ఫ్లిక్ సంగతీ అంతే. బాదినప్పుడు కర్ర బంతిని తాకేది రెప్పపాటైనా ఉండదు. ఈడ్చినప్పుడు బంతి కర్రను అంటిపెట్టుకుని, వంగిన నడుము, తిరిగిన భుజం, చివరికి మణికట్టు, ఇన్నింటి బలాన్నీ వరుసగా తీసుకుని బయలుదేరుతుంది. మంచి డ్రాగ్ ఫ్లిక్ వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది.

ఇది పుస్తకం చూసి ఒక్కనాడు నేర్చుకునే పని కాదు. కొన్ని వేలసార్లు వంగి, కొన్ని వేలసార్లు విసరాలి. వెన్నెలలో ధ్యాన్‌చంద్ చేసినదీ, దీపాల వెలుగులో హర్మన్‌ప్రీత్ చేసినదీ ఒక్కటే పని. దాని పేరు సాధన.

అయితే, ఆ వేగంతో వచ్చే బంతిని ఆపేవాడి మాట ఏమిటి? గోల్‌కీపరును మాత్రం ఈ అన్నాచెల్లెళ్ళిద్దరూ మరిచిపోయారు! గోలు చేసినవాడి పేరు అందరికీ గుర్తుంటుంది, ఆపినవాడి పేరు కొందరికే గుర్తుంటుంది. అందుకని మనం ఒక చిన్న ప్రయోగం చేద్దాం.

30 సెంటీమీటర్ల స్కేలు ఒకటి తీసుకోండి. మీ స్నేహితుణ్ణి దాని పైకొస పట్టుకుని నిలువుగా వేలాడదియ్యమనండి. కిందికొస దగ్గర, సున్నా అంకెకు ఎదురుగా, మీ బొటనవేలూ చూపుడువేలూ తాకీ తాకకుండా ఉంచండి. అతడు చెప్పకుండా స్కేలు వదిలెయ్యాలి, మీరు పట్టుకోవాలి. మీ వేళ్ళు ఏ అంకె దగ్గర పడ్డాయి? 20 దగ్గర పడితే, కంటితో చూసి చెయ్యి కదిలించడానికి మీకు సెకనులో అయిదవ వంతు పట్టిందన్నమాట. 30 దాకా పోతే నాలుగవ వంతు పట్టింది. మీ ఇంట్లో అందరిచేతా చేయించి చూడండి. అమ్మే గెలిచినా ఆశ్చర్యపోకండి!

ఇప్పుడు లెక్క కట్టండి. బంతి గంటకు 108 కిలోమీటర్ల వేగంతో వస్తే, సెకనుకు 30 మీటర్లు. విసిరేవాడు సుమారు 15 మీటర్ల దూరాన ఉంటాడు. అంటే బంతి గోలు చేరడానికి అర సెకను! అందులో చూడటానికే అయిదవ వంతు పోతే, మిగిలిన రవంత కాలంలో కాలో చెయ్యో అడ్డం పెట్టాలి. 

అట్లా అడ్డంపెట్టిన ఇద్దరి కథ చెబుతాను. మొదటివాడు శంకర్ లక్ష్మణ్. మధ్యప్రదేశ్‌లోని మహూవాడు, సైనికుడు. 1956, 1960, 1964 ఒలింపిక్స్ మూడింటిలోనూ ఉండి రెండు బంగారు పతకాలు, ఒక వెండి పతకం తెచ్చినవాడు. 1964లో టోక్యో ఫైనలులో మనం పాకిస్తానును 1-0 తేడాతో గెలిచాం. పాకిస్తానువాళ్ళు ఎన్నిసార్లు మీదికి వచ్చినా ఆయన చలించలేదు. ఆ రోజుల్లో గోల్‌కీపరు తలకు ఇనుప జాలీ ముసుగు గాని, ఒంటినిండా మందపాటి కవచం గాని ఉండేవి కావు. కాళ్ళకు ప్యాడ్లు, చేతులకు తొడుగులు, అంతే. 

రెండవవాడు శ్రీజేష్. కేరళలో ఎర్నాకుళం జిల్లావాడు. కొడుకుకు గోల్‌కీపరు సామగ్రి కొనడానికి తండ్రి ఇంట్లో ఉన్న ఆవును అమ్మేశాడట. 2012 నుంచి 2024 దాకా శ్రీజేష్ నాలుగు ఒలింపిక్స్ ఆడాడు. మొదటిదానిలో మన జట్టు పన్నెండింటిలో పన్నెండవది! అక్కడితో విసుగుపుట్టి మానేసి ఉంటే ఈ కథే లేదు. 2021 ఆగస్టు 5న టోక్యోలో జర్మనీతో కంచు పతకం ఆట జరిగింది. మనవాళ్ళు 1-3 వెనకబడి, పుంజుకుని, 5-4 దాకా వచ్చారు. ఆట ముగియడానికి ఏడు సెకన్లైనా లేవు. జర్మనీకి పెనాల్టీ కార్నరు దొరికింది. బంతి వచ్చింది. శ్రీజేష్ ఆపాడు! 1980 మాస్కో బంగారు పతకం తరువాత 41 ఏళ్ళకు మనకు హాకీలో ఒలింపిక్ పతకం వచ్చింది. ఆయన గోలు చట్రం మీదికి ఎక్కి కూర్చున్నాడు. మూడేళ్ళ తరువాత పారిస్‌లో మళ్ళీ కంచు పతకం. ఆ ఆటలో స్పెయిన్‌ను 2-1 తేడాతో ఓడించాం. రెండు గోల్స్ హర్మన్‌ప్రీత్‌వే. శ్రీజేష్‌కు అదే చివరి ఆట.

ఇంక అసలు సంగతికి వస్తున్నాను. నన్ను అడిగితే ఆటగాడి గొప్పతనం కొలవడానికి అతడు అన్నీ గెలిచిన రోజు పనికిరాదు. ఏమీ సాగని రోజు చూడాలి.

1936లో బెర్లిన్‌లో ఒలింపిక్స్‌కు ముందు జరిగిన ఒక ఆటలో జర్మనీ మనల్ని 4-1 తేడాతో ఓడించింది. జట్టు నాయకుడు ధ్యాన్‌చంద్. మళ్ళీ అదే జర్మనీ ఫైనలులో ఎదురైంది. వాన కురిసి ఆట ఒక రోజు వెనక్కి పోయింది. సగం ఆట అయ్యేసరికి మనకు ఒక్క గోలే. తడి నేలమీద బూట్లు జారుతున్నాయని ధ్యాన్‌చంద్ వాటిని విప్పేసి ఆడాడని చెబుతారు. ఆట ముగిసేసరికి 8-1. గెలుపు మనది!

1956లో మెల్‌బోర్న్‌లో బల్బీర్ సింగ్ నాయకుడు. 1952 ఫైనలులో ఒక్కడే 5 గోల్స్ చేసిన మహావీరుడు. మొదటి ఆటలోనే కుడిచేతి వేలు విరిగింది. విరిగిన వేలితోనే పాకిస్తానుపై ఫైనలు ఆడి జట్టును గెలిపించుకు వచ్చాడు. 

హర్మన్‌ప్రీత్‌కూ అటువంటి రోజు వచ్చింది. 2023 జనవరిలో ప్రపంచకప్పు మన దేశంలోనే జరిగింది. ఆయనే నాయకుడు. డ్రాగ్ ఫ్లిక్కులు అనుకున్నంతగా గోలు చేరలేదు. న్యూజీలాండు చేతిలో ఓడి మనవాళ్ళు పతకం పోటీకి దూరమయ్యారు. సొంత గడ్డమీద ఓడితే ఎన్ని మాటలు పడాలో మీకు తెలుసు. మారు మాట్లాడకుండా మళ్ళీ సాధనకు పోయాడు. ఆ ఏడే ఆసియా క్రీడల్లో బంగారం, మరుసటి ఏడు పారిస్‌లో కంచు, 10 గోల్స్.

అయితే పిల్లలూ, ఈ పోలికలో మనం ఒక తప్పు చేస్తున్నాం. ఈ చివర ధ్యాన్‌చంద్‌ను, ఆ చివర హర్మన్‌ప్రీత్‌ను నిలబెట్టి చూస్తున్నాం. నడుమ ఉన్నవాళ్ళ మాటేమిటి? ధనరాజ్ పిళ్ళై 1992 నుంచి 2004 దాకా నాలుగు ఒలింపిక్స్ ఆడాడు. మన హైదరాబాదువాడు ముఖేష్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్ మూడూ ఆడాడు. ఇద్దరికీ ఒక్క ఒలింపిక్ పతకమైనా లేదు. 2000లో సిడ్నీలో పోలండును ఓడిస్తే చాలు, సెమీఫైనలు చేరేవాళ్ళు. 1-0 ముందంజలో ఉన్నారు. ఇంక రెండు నిమిషాలైనా లేవు. పోలండు గోలు చేసింది. 1-1. అంతే, అంతా అయిపోయింది. టోక్యోలో ఏడు సెకన్లు మనవైపు నిలిచాయి, సిడ్నీలో రెండు నిమిషాలు నిలవలేదు. అంతమాత్రాన వాళ్ళు తక్కువవాళ్ళా? 2008లో మన జట్టు ఒలింపిక్స్‌కు వెళ్ళనే లేకపోయింది. అటువంటి చీకటి రోజుల్లో కర్ర పారెయ్యకుండా ఆట నిలబెట్టినవాళ్ళు లేకపోతే హర్మన్‌ప్రీత్ చేతికి కర్ర అందేదే కాదు.

అమ్మాయిలను మరిచాననుకోకండి. 2021లో టోక్యోలోనే మన ఆడపిల్లల జట్టు ఆస్ట్రేలియాను 1-0 తేడాతో ఓడించి నాలుగవ స్థానం దాకా వచ్చింది. ఆ ఒలింపిక్స్‌లో వందన కటారియా దక్షిణాఫ్రికాపై ఒకే ఆటలో 3 గోల్స్ చేసింది. మన చిత్తూరు జిల్లా పల్లెటూరి అమ్మాయి రజని భారత జట్టుకు గోల్‌కీపరు అయింది. 

దూరపు కొండలు నునుపు అంటారు. పాతవాళ్ళ తప్పులు మనకు కనబడవు, కథలే మిగులుతాయి. కొత్తవాళ్ళ ప్రతి తప్పూ టెలివిజనులో పదిసార్లు చూపిస్తారు. అందుచేత పెద్దవాళ్ళు పాతవాళ్ళను పొగుడుతారు. ఇక పిల్లలేమో తాము కళ్ళారా చూసినవాళ్ళనే పొగుడుతారు. ఒక్క మాట గుర్తుంచుకోండి. శంకర్ లక్ష్మణ్ చివరి రోజుల్లో కాలికి జబ్బు చేసి, చేతిలో డబ్బు లేక బాధపడి, 2006లో కన్నుమూశాడు. ఎవరు గొప్ప అని వాదించుకునేవాళ్ళు దేశంలో అప్పుడూ ఎందరో ఉన్నారు. ఆయన తలుపు తట్టి, ఎట్లా ఉన్నారని అడిగినవాళ్ళు కొద్దిమందే. గొప్పవాళ్ళను పోల్చడం సులువు. వాళ్ళను గుర్తుంచుకోవడమే కష్టం.

ఇదుగో, నా తీర్పు. పచ్చికమీద బంతిని కర్రకు అంటించుకుని పోవడంలో ధ్యాన్‌చంద్‌కు సాటి లేడు. అర సెకనులో గోలు చేసే విద్యలో హర్మన్‌ప్రీత్ తన కాలపు మేటి. ఒకరి కాలంలో ఇంకొకరిని నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. కనుక అన్నాచెల్లెళ్ళిద్దరూ తాండ్రను సరిసగం చేసుకోవాలి. కాదు, మూడు భాగాలు చెయ్యండి. ఒకటి మీ వీధిలో మీరు ఆడేటప్పుడు ఎప్పుడూ గోలు దగ్గర నిలబడే పిల్లవాడికి ఇవ్వండి. వాణ్ణి ఎవరూ పొగడరు.

అందరికీ ఒక లెక్క: బంతి గంటకు 90 కిలోమీటర్ల వేగంతో 15 మీటర్ల దూరంనుంచి వస్తోంది. స్కేలు ప్రయోగంలో మీ వేళ్ళు 20 దగ్గర పడ్డాయి. బంతిని చూశాక చెయ్యి అడ్డం పెట్టడానికి మీకు మిగిలే కాలం ఎంత? జవాబు కార్డుమీద రాసి పంపండి. సరి అయిన జవాబు వచ్చే నెల చెబుతాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య